ఇంటికొచ్చిన కుక్కపిల్ల, మనం తీసుకున్న శీలం



ఈసారి మీతో మాట్లాడబోయేది నిర్వాణం గురించి కాదు, ప్రతీత్య సముత్పాదం గురించీ కాదు. ఒక కుక్కపిల్ల గురించి. "ధమ్మం చెప్పమంటే కుక్కల గురించి చెబుతాడేమప్పా" అనుకోవద్దు. చివరిదాకా చదవండి. మనం తీసుకున్న దీక్ష మన ఇంట్లో ఎంతవరకు దిగిందో ఈ చిన్న ప్రాణి దగ్గర తెలిసిపోతుంది.

మీ ఇంట్లో ఇది ఎప్పుడో ఒకసారి జరిగే ఉంటుంది. ఆదోనిలో జిన్నింగు మిల్లు గోడ పక్కనో, ఎమ్మిగనూరులో మగ్గాల షెడ్డు వెనకనో ఒక నాటు కుక్క పిల్లలు పెడుతుంది. బడి నుంచి వచ్చే పిల్లోడు అందులో ఒకదాన్ని చొక్కాలో దాచుకొని ఇంటికి తెస్తాడు. వాళ్లమ్మ "మనకే తినేకి లేదు, దీనికి యాడ తెచ్చి పెట్టేది?" అంటుంది. నాయన "రేపు పొద్దున్నే తెచ్చిన చోట వదిలేసి రా" అంటాడు. అవ్వ "ముందు అది ఆడదా మగదా చూడండి" అంటుంది. పిల్లోడు మాత్రం ఏడుపు ముఖంతో దాన్ని గట్టిగా పట్టుకొని మూలన నిలబడతాడు.

ఆ నలుగురి మధ్య ఆ క్షణంలో జరిగేది ధమ్మ చర్చే. ఒకరు దానం గురించి, ఒకరు బాధ్యత గురించి, ఒకరు వివక్ష గురించి, ఒకరు మైత్రి గురించి మాట్లాడుతున్నారు. మాటలు వేరు, విషయం అదే.

కుక్క కన్నా హీనంగా చూసినారు కదా!

మన వాళ్లలో ఒక ప్రశ్న ఉంది. అది అడగడం తప్పు కాదు. "తరతరాలుగా మనల్ని కుక్కల కన్నా హీనంగా చూసినారు. దొర ఇంట్లో కుక్క అరుగు మీద పడుకునింది, మనం వీధిలో చెప్పులు చేతబట్టుకొని నడిచినాం. ఇప్పుడు మనం ఆ కుక్కను ఒళ్లో పెట్టుకోవాలా?"

ఈ బాధ బాబాసాహెబ్‌కు తెలియనిది కాదు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగడానికి వేల మందిని వెంటబెట్టుకొని నడిచినది అందుకే. పశువులు తాగే నీళ్లు మనుషులు ముట్టకూడదన్నారు. 1931 ఆగస్టులో బొంబాయిలో గాంధీజీని కలిసినప్పుడు కూడా ఆయన ముఖం మీదే అడిగినాడు: కుక్కలకూ పిల్లులకూ ఇచ్చే పాటి మర్యాద మాకు లేని దేశాన్ని నా దేశమని ఎట్లా అనుకోమంటారని.

మరి అదే బాబాసాహెబ్ ఇంట్లో ఏముందో చూడండి. 1934 ఫిబ్రవరిలో దాదర్‌లోని రాజగృహలో తీసిన కుటుంబం ఫోటో ఒకటి ఉంది. మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో యశ్వంత్, బాబాసాహెబ్, మాతా రమాబాయి, వదిన లక్ష్మీబాయి, అన్న కొడుకు ముకుంద్ ఉన్నారు. వాళ్లతో పాటు ఇంకొకరు కూడా ఉన్నారు. పేరు టోబీ. ఆయనకు ఇష్టమైన కుక్క.

కుక్కల కన్నా హీనంగా చూస్తున్నారని ప్రపంచానికి చాటిన మనిషి, కుక్కను తన కుటుంబం ఫోటోలో కూర్చోబెట్టుకున్నాడు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. మనల్ని హీనపరిచింది కుక్క కాదు. చెరువుకు కులం కట్టింది కుక్క కాదు. కుక్కకు మర్యాద ఎక్కువైందని ఆయన ఎన్నడూ అనలేదు, మనిషికి మర్యాద లేదన్నాడు. మన కోపం ఎవరి మీద ఉండాలో వాళ్ల మీద ఉండనీ. నాలుగు కాళ్ల నోరులేని జీవం మీదికి దాన్ని మళ్లించొద్దు.

ఇంకో మాట. కోపమొస్తే మనం కూడా "కుక్కా" అని తిట్టుకుంటాం. మనల్ని తిట్టడానికి వాడిన మాటనే మన పిల్లల మీద వాడుతున్నాం. ఇంట్లో కుక్కపిల్ల ఉన్న రోజు నుంచి ఆ తిట్టు మానేయండి. కుక్కకు ఒక మంచి పేరు పెట్టండి, ఆ పేరుతో పిలవండి.

కరుణ ఒక మెట్టు, మైత్రి ఇంకో మెట్టు

'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ ఒక తేడా చెప్పినాడు. కరుణ అంటే తోటి మనుషుల మీద ప్రేమ. తథాగతుడు అక్కడ ఆగలేదు. ఇంకా ముందుకు పోయి మైత్రి నేర్పినాడు. మైత్రి అంటే ప్రాణమున్న ప్రతి జీవి మీదా ప్రేమ. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో పదమూడోది కూడా ఇదే: అన్ని జీవుల పట్ల దయ చూపడం, వాటిని కాపాడడం. మనం చేయి చాచి పలికిన మాట అది.

"మేము మాంసం తింటాం కదా, మాకు ఈ మాట ఎట్లా వర్తిస్తుంది?" అని అడిగే తమ్ముళ్లు ఉన్నారు. దానికీ బాబాసాహెబ్ జవాబు చెప్పినాడు. అవసరం కొద్దీ చంపడం వేరు, చంపాలన్న కోరికతో చంపడం వేరు అని విడదీసినాడు. అహింసను గుడ్డి నియమంగా కాదు, ఆలోచించి నడిచే సూత్రంగా పట్టుకోమన్నాడు. ఈ కొలత కుక్కపిల్ల దగ్గర పెట్టి చూడండి. పడుకున్న కుక్కను దారిన పోతూ తన్నడంలో ఏ అవసరముంది? తోకకు టపాకాయలు కట్టి కాల్చడంలో ఏ అవసరముంది? ఏ అవసరమూ లేదు. అది ఉత్త కోరిక. మన సూత్రం కాదనేది ఆ కోరికనే.

ఇంతకన్నా లోతైన మాట ఒకటి ఉంది. మనం ఎన్నో తరాలు ఇంకొకరి చేతి కింద బతికినాం. పై చేయి ఎట్లా ఉంటుందో కింద నుంచి మాత్రమే చూసినాం. కుక్కపిల్ల ఇంటికి వచ్చిన రోజు, పై చేయి మనదవుతుంది. అది తిరిగి కొట్టలేదు, కోర్టుకు పోలేదు, పక్కింటికి పోయి చెప్పుకోలేదు. మనం పెడితే తింటుంది, లేకపోతే లేదు. ఆ చేతిని మనం ఎట్లా వాడతామన్నదే పరీక్ష. మనల్ని అణచిన వాళ్ల లాగా వాడతామా, తథాగతుని బిడ్డల్లాగా వాడతామా?

మొదటి రాత్రి

కుక్కపిల్ల ఇంటికొచ్చిన మొదటి రాత్రి ఏడుస్తుంది. కుయ్యి కుయ్యి మంటుంది, ఒక్కోసారి సన్నగా ఊళ పెడుతుంది. అప్పుడు పక్కింటాయన వచ్చి "రాత్రిపూట కుక్క ఏడిస్తే ఇంట్లో చావు వస్తుంది, తీసి అవతల పారేయండి" అంటాడు.

ఇది నమ్మొద్దు. మనం మూఢనమ్మకాలు వదిలి వచ్చినవాళ్లం. తథాగతుడు ప్రతిదానికీ కారణం వెతకమన్నాడు. కారణం కనబడుతూనే ఉంది కదా. నిన్నటి దాకా తల్లి పొట్ట కింద, నలుగురైదుగురు తోబుట్టువుల మధ్య వెచ్చగా పడుకున్న ప్రాణం అది. ఈ రాత్రి ఒంటరిగా చల్లటి బండ మీద ఉంది. భయమేసి ఏడుస్తుంది. చావుకు శకునం కాదు, తల్లి కోసం పిలుపు.

చేయాల్సింది చిన్న పని. గోనెసంచి నాలుగు మడతలు వేసి, మీద పాత చీర పరచండి. సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి మూత బిగించి, గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. మీరు పడుకునే చోటికి దగ్గరగా ఉంచండి. ఏడ్చినప్పుడు చేయి వేసి నిమరండి. మూడు నాలుగు రాత్రుల్లో సర్దుకుంటుంది. కరణీయ మెత్త సుత్తంలో తథాగతుడు మైత్రిని దేనితో పోల్చినాడో గుర్తుందా? ఒక్కగానొక్క బిడ్డను ప్రాణమొడ్డి కాపాడుకునే తల్లితో. ఆ పోలిక వినడానికి విహారం కావాలి, ఆచరించడానికి ఈ గోనెసంచి మూల చాలు.

ఏమి పెట్టాలి, ఏమి పెట్టకూడదు

మైత్రి మనసులో ఉంటే చాలదు, చేతికి తెలివి కూడా కావాలి. ప్రేమతోనే తెలియక చంపుకునేవాళ్లు ఎక్కువ.

రెండు నెలల పిల్లకు రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. మెత్తగా పిసికిన అన్నం, పలుచని రాగి సంకటి, కొంచెం పెరుగు, ఉడికించిన గుడ్డు మంచివి. ఇంట్లో మాంసం వండే రోజు ఉప్పుకారం వేయకముందే రెండు ముక్కలు ఉడికించి తీసి పక్కన పెట్టండి. గేదె పాలు గిన్నె నిండా పోయొద్దు, విరేచనాలు పడతాయి. మన ఉగ్గాని, బజ్జీలు ముద్దుకొద్దీ పెట్టొద్దు. ఉల్లిపాయ కుక్కకు విషం లాంటిది. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష కూడా అంతే. వండిన కోడి ఎముకలు విరిగి సూదుల్లాగా గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

మట్టి చిప్పలో నీళ్లు ఎప్పుడూ ఉండాలి. మన ఎండలు మీకు తెలియనివి కావు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి వగర్చడమే దానికున్న దారి. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం కట్టేస్తే అది కాలిపోతుంది. ఈ మధ్య కొందరు యువకులు గొప్ప కోసం మంచుదేశాల బొచ్చు కుక్కల్ని వేలకు వేలు పోసి కొని తెస్తున్నారు. ఆదోని ఎండలో వాటిని పెట్టడం శిక్ష వేయడమే. ప్రాణులతో వ్యాపారం ఉపాసకుడు చేయకూడని ఐదు వ్యాపారాల్లో ఒకటని తథాగతుడు చెప్పినాడు. ఆ వ్యాపారాన్ని మన డబ్బుతో ఎందుకు పెంచాలి? వీధిలో పుట్టిన నాటు పిల్ల మన నేలకు, మన ఎండకు సరిపోయే ప్రాణి.

ఇక మందుల సంగతి. కుక్కపిల్ల కడుపులో నులిపురుగులు ఉంటాయి. తెచ్చిన వారంలోనే పశువుల ఆసుపత్రికి తీసుకుపోయి మందు తాపించండి. మూడు నెలలు నిండేవరకు పదిహేను రోజులకోసారి, ఆపైన ఆరు నెలల వరకు నెలకోసారి తాపాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ జబ్బులకు మొదటి టీకా వేయించాలి, డాక్టరు చెప్పిన ప్రకారం మళ్లీ వేయించాలి. పార్వో వస్తే వాంతులు, నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే పిల్ల చచ్చిపోవచ్చు. ఆ జబ్బు పురుగు మట్టిలో కూడా చాలాకాలం బతుకుతుంది. అందుకే టీకాలు పూర్తి కాకముందు వీధుల వెంట తిప్పొద్దు. నీరసపడితే నాటు మందుల కోసం ఆగకుండా పశువుల డాక్టరు దగ్గరికి పోండి. మన రాష్ట్రంలో సంచార పశు వైద్యం కోసం 1962 నంబరు ఉంది.

ఒంటికీ రెంటికీ ఇంట్లోనే పోతుందని కొట్టే వాళ్లున్నారు. ముక్కును అందులో రాసే వాళ్లున్నారు. దానివల్ల అది నేర్చుకునేది ఒక్కటే: మిమ్మల్ని చూస్తే భయపడాలని. నిద్ర లేచిన వెంటనే, తిన్న వెంటనే బయటికి తీసుకుపోండి. బయట పోసినప్పుడు మెచ్చుకోండి. నెల రోజుల్లో దానంతట అదే తలుపు దగ్గరికి పోయి నిలబడుతుంది.

పంచశీల ఇంట్లో

మొదటి శీలం, ప్రాణిని హింసించకపోవడం. ఇందులో ఒక మాట గట్టిగా చెప్పాలి. అవ్వ "ఆడదా మగదా" అని అడిగింది కదా. మగపిల్లల్ని ఏరుకొని, ఆడపిల్లల్ని గోతంలో వేసి ఊరి బయట వంక దగ్గర పారేసి వచ్చేవాళ్లు మన పేటల్లోనూ ఉన్నారు. ఎందుకంటే "ఆడది ఏటా ఈనుతుంది, పీడ" అంటారు. ఈ లెక్క ఎక్కడో విన్నట్టు లేదూ? ఆడబిడ్డ పుట్టిందని ముఖం తిప్పుకునే లెక్కే ఇది. ఈనడమే సమస్య అయితే దానికి ఆపరేషన్ ఉంది, పశువుల డాక్టరును అడగండి. పారేయడం జవాబు కాదు.

రెండో శీలం, ఇవ్వనిది తీసుకోకపోవడం. కళ్లు కూడా సరిగా తెరవని పిల్లను తల్లి దగ్గర నుంచి లాక్కొని రావడం ఏమిటి? తల్లి ఇవ్వనిది తీసుకోవడమే. ఎనిమిది వారాలు తల్లి పాలు తాగనివ్వండి. ఆ లోపల తల్లికే నాలుగు ముద్దలు పెట్టండి. తెచ్చుకోవాలనుకున్న పిల్లోడికి చెప్పండి, "రోజూ పోయి దాన్ని చూసి రా, దాని తల్లికి అన్నం పెట్టి రా, తర్వాత తెచ్చుకుందాం" అని. ఆ ఓపికే వాడికి మొదటి పాఠం.

మూడో శీలం మనుషుల మధ్య నడతకు సంబంధించింది. దాన్ని ఇక్కడ బలవంతంగా అతికించను.

నాలుగో శీలం, అబద్ధం ఆడకపోవడం. పిల్లలు బడికి పోయినప్పుడు కుక్కను దూరంగా వదిలేసి వచ్చి, సాయంత్రం "అదే పారిపోయింది" అని చెప్పే తల్లిదండ్రులున్నారు. పిల్లలు వీధి వీధీ తిరిగి పేరు పెట్టి పిలుస్తారు. ఒక అబద్ధం ఇద్దరిని ఏడిపించింది: ఇక్కడ పిల్లోణ్ణి, ఎక్కడో కుక్కను. సాకలేకపోతే ఆ మాటే పిల్లలతో చెప్పండి. సాకగల ఇల్లు వెతకండి, వాళ్ల చేతుల్లో పెట్టండి.

ఐదో శీలం, మత్తు. తాగి ఇంటికొచ్చిన మనిషి మొదట తన్నేది ఎదురొచ్చిన కుక్కను. తర్వాత ఎవరినో మీకు తెలుసు. కుక్క మంచం కిందికి దూరిందంటే పిల్లలు కూడా మూలకు పోతారు. ఏ ఇంట్లో నాయన అడుగుల చప్పుడుకు కుక్క తోక ఊపుతూ ఎదురుపోతుందో, ఆ ఇంట్లో ఐదో శీలం ఉందని చెప్పొచ్చు.

కాటును తేలిగ్గా తీసుకోవద్దు

మైత్రి అంటే కళ్లు మూసుకోవడం కాదు. రేబిస్ లక్షణాలు కనబడిన తర్వాత మనిషిని బతికించే మందు ఇంతవరకు లేదనే చెప్పాలి. కానీ రాకుండా ఆపే మందు ఉంది. 1885 జూలై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదట ఆ టీకా ఇచ్చి కాపాడినాడు. ఆయన వర్ధంతి రోజు సెప్టెంబర్ 28ని ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తారు.

కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. డాక్టరు చెప్పిన బూస్టరు, ఆపైన ఏటా ఒకసారి తప్పొద్దు. "చిన్న పిల్లే కదా, పాలపళ్లే కదా" అని కాటును, గీతను వదిలేయొద్దు. పిల్ల కుక్క నుంచి కూడా రేబిస్ వస్తుంది.

ఎవరికైనా కాటు పడితే: వెంటనే కొళాయి కింద, సబ్బుతో, పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు, కిరోసిన్ పూయొద్దు. మంత్రం, తాయెత్తు జోలికి పోవద్దు. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు టీకా ఇస్తారు. ఒక్కటి కూడా మానొద్దు. లోతైన గాయమైతే గాయం చుట్టూ ఇచ్చే ఇంకో ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగండి. కూలి పోతుందని మూడో సూది ఎగ్గొట్టి బిడ్డను పోగొట్టుకోవద్దు. పిల్లలకు ఈ మాట కూడా నేర్పండి: కుక్క తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు ముట్టుకోకూడదు, తోక లాగకూడదు, రాళ్లు వేయకూడదు.

రాజు కుక్కలు, వల్లకాటి కుక్కలు

ఒకచోట కుక్క కరిస్తే ఊళ్లోని కుక్కలన్నింటినీ చంపేయాలనే మాట వస్తుంది. అప్పుడు కుక్కుర జాతకం గుర్తు తెచ్చుకోండి.

కాశీ రాజు ఒకనాడు రథమెక్కి తోటకు పోయి సాయంత్రం వచ్చినాడు. రథాన్ని తోలు పట్టీలతో సహా కోట వాకిట్లోనే వదిలినారు. రాత్రి వాన పడి తోలు నానింది. కోటలో పెంచే మేలుజాతి కుక్కలు ఆ తోలు కొరికి తినేసినాయి. తెల్లారి సేవకులు "బయటి కుక్కలు కాలువ తూము గుండా దూరి తినేసినాయి" అన్నారు. రాజు విచారించలేదు. కనబడిన కుక్కనల్లా చంపమన్నాడు. కోట కుక్కల్ని మాత్రం ఎవరూ ముట్టలేదు.

వల్లకాట్లో ఉండే కుక్కల పెద్ద అప్పుడు బోధిసత్వుడు. ఒంటరిగా నడిచి రాజసభకు పోయినాడు. రాజును అడిగినాడు: తప్పు ఎవరు చేసినారో తెలుసుకున్నావా? అన్ని కుక్కల్నీ చంపమన్నావు కదా, మరి నీ కుక్కలు కుక్కలు కావా? బలహీనుల్ని చంపి బలవంతుల్ని వదలడం న్యాయమెట్లా అవుతుంది? తర్వాత కోట కుక్కలకు మజ్జిగలో గడ్డి కలిపి తాపించమన్నాడు. అవి కక్కినాయి. తోలు ముక్కలు సభ మధ్యలో పడినాయి. రాజు సిగ్గుపడి అన్ని ప్రాణులకూ అభయమిచ్చినాడు.

ఊళ్లో ఏ దొంగతనం జరిగినా ముందు మన పేట మీదికే పోలీసులు వచ్చిన రోజులు మన పెద్దలకు గుర్తున్నాయి. ఈ కథ మనకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. విచారణ లేకుండా ఒక జాతి మొత్తాన్ని దోషి అనడం ఏమిటో మనకు తెలుసు. కాబట్టి మన నోట ఆ మాట రాకూడదు. కుక్కల బెడదకు టీకాలు, ఆపరేషన్లు, చెత్త ఊడ్చడం ఉన్నాయి. మున్సిపాలిటీని, పంచాయతీని వాటి కోసం నిలదీయండి.

రాట, తాడు

సంయుత్త నికాయంలో తథాగతుడు ఒక పోలిక చెప్పినాడు. రాటకు కట్టిన కుక్క ఆ రాట చుట్టే తిరుగుతుంది, నడిచినా నిలబడినా పడుకున్నా ఆ రాట దగ్గరే. అట్లనే తెలివి మేలుకోని మనిషి 'నేను, నాది' అనుకున్న వాటి చుట్టే తిరుగుతాడని అర్థం. ఆ పోలిక మన మనసు గురించి. కానీ ఒక్కసారి నిజంగా వాకిట్లో కట్టేసిన కుక్కను చూడండి. పొద్దస్తమానం రెండు మూరల తాడుకు కట్టేసి పెంచితే దానికి పిచ్చెత్తుతుంది, కరిచే కుక్కగా మారుతుంది. పొద్దున సాయంత్రం విప్పి నడిపించండి. దాని తాడు విప్పేటప్పుడు మీ మనసు ఏ రాట చుట్టూ తిరుగుతోందో కూడా చూసుకోండి.

కుక్కను దేవుణ్ణి కూడా చేయొద్దు. కుక్కవ్రతం పట్టి, కుక్కలాగా చుట్టుకొని పడుకుంటూ, నేల మీద వేసింది తినే సేనియుడనే సన్యాసికి, దానివల్ల మేలు రాదని తథాగతుడు తేల్చి చెప్పినాడు. మనకు కుక్క పూజకు కాదు, తిట్టుకూ కాదు. తోటి జీవి, అంతే.

సుగ్గికి పోయే ముందు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. దీని కోసమే ఈ కరపత్రం.

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, హొళగుంద మండలాల నుంచి వానలు మోసం చేసిన ఏడు ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరప కోతకు పోతారు. కొందరు బెంగళూరు కట్టడాల పనికి పోతారు. గిన్నెలు, గుడ్డలు, జొన్నలు, పిల్లలు లారీ ఎక్కుతారు. తలుపుకు తాళం పడుతుంది. వాకిట్లో కుక్క మిగులుతుంది.

నేనూ అట్లాంటి ఇంట్లోనే పుట్టినాను. నాకు పదేళ్లప్పుడు మా కుక్క లారీ వెంట వంక దాకా పరిగెత్తింది. నేను వెనక్కి చూడకుండా కూర్చున్నాను. మిరప కోత అయిపోయి మేము తిరిగొచ్చేసరికి అది మా గడప ముందరే చచ్చి ఎండిపోయి ఉంది. తలుపు తెరుస్తారని కాచుకొనింది. మా అమ్మానాయనలను నేను తప్పు పట్టను, వాళ్ల ఆకలి అట్లాంటిది. కానీ ఈ రోజు మనకు సంఘముంది, విహారముంది, ఆలోచన ఉంది. ఈ రోజు అట్లా జరిగితే అది మన తప్పు.

కాబట్టి నాలుగు మాటలు.

ఒకటి: ఈ ఏడు సుగ్గికి పోతామని తెలిస్తే కుక్కపిల్లను తేవద్దు. తేకపోవడం కూడా మైత్రే. పిల్లలకు కారణం చెప్పండి.

రెండు: ఇప్పటికే ఉంటే, ఊళ్లో ఉండిపోయే ముసలోళ్లకో, పక్కింటికో ముందే ఒప్పజెప్పండి. ఉత్త చేతులతో కాదు, నూకలో రాగిపిండో ఒక సంచి ఇచ్చి ఒప్పజెప్పండి.

మూడు: పేటలో ఉపాసకులు ఎంతమంది ఉండిపోతారో చూసుకొని, పూట పూటకు వంతు వేసుకోండి. విహారం వాకిట్లో ఒక నీళ్ల తొట్టి, ఒక గంగాళం ఉంటే చాలు. ఇది పెద్ద ఖర్చు కాదు, పెద్ద దానం.

నాలుగు: పోయే ముందు అన్నింటికీ రేబిస్ టీకా వేయించండి. ఆకలితో తిరిగే టీకా లేని కుక్క ఊళ్లో మిగిలిన పిల్లలకు, ముసలోళ్లకు ప్రమాదం. మైత్రి కుక్కనూ కాపాడుతుంది, మనిషినీ కాపాడుతుంది.

ఎర్రగుడి బండ

ఇది కొత్త సంగతి అనుకోవద్దు. గుత్తి–పత్తికొండ దారిలో, మన కర్నూలు జిల్లాలోనే, ఎర్రగుడి కొండ బండల మీద అశోక చక్రవర్తి శాసనాలున్నాయి. 2,200 ఏళ్లకు పైగా అవి అక్కడే ఉన్నాయి. ఒక శాసనంలో అక్షరాలు కొంత దూరం ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకు, ఎద్దులతో సాలు తోలినట్టు పోతాయి. రెండో శిలాశాసనంలో ఆయన చెప్పించింది ఇది: మనుషులకూ పశువులకూ రెండింటికీ వైద్యం ఏర్పాటు చేసినాను, మందు చెట్లు లేని చోటికి తెప్పించి నాటించినాను, దారుల వెంట బావులు తవ్వించినాను, మనుషులూ పశువులూ ఇద్దరి కోసం అని.

అంత పెద్ద రాజ్యమేలిన చక్రవర్తి మనుషుల వైద్యం, పశువుల వైద్యం ఒకే వరసలో చెప్పినాడు. కళింగ యుద్ధంలో లక్ష మందిని చంపించి, పశ్చాత్తాపపడి ధమ్మం పట్టిన మనిషి ఆయన. పై చేయి ఎట్లా వాడాలో ఆలస్యంగా నేర్చుకున్నాడు. నేర్చుకున్నది మన నేల మీద బండకు చెక్కించినాడు. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుపోయి ఆ బండలు చూపించండి.

సిద్ధార్థుడు చిన్నప్పుడు బాణం తగిలిన పక్షిని ఒళ్లోకి తీసుకున్నాడు. దేవదత్తుడు "కొట్టింది నేను, పక్షి నాది" అన్నాడు. "కాపాడింది నేను" అన్నాడు సిద్ధార్థుడు. పెద్దలు కాపాడినవాడిదే అని తేల్చినారు. కుక్కపిల్ల ఎవరిది? డబ్బు పెట్టి కొన్నవాడిది కాదు, తాడు పట్టుకున్నవాడిది కాదు. ఆకలికి, జబ్బుకు, ఎండకు అడ్డం నిలబడినవాడిది.

ఈ రాత్రి త్రిశరణం, పంచశీల పలికిన తర్వాత మీ పిల్లల్ని ఒక్క నిమిషం కళ్లు మూసుకోమనండి. మైత్రి భావన ఇంట్లోని కుక్కపిల్లతో మొదలు పెట్టించండి. దాని నుంచి వీధి కుక్కకు, వీధి కుక్క నుంచి పక్కింటి వాళ్లకు, అక్కడి నుంచి మనల్ని బాధపెట్టిన వాళ్లకు కూడా పోనివ్వండి. చివరి మెట్టు కష్టం, నాకు తెలుసు. మొదటి మెట్టు గోనెసంచి మీద పడుకొని మీ వైపే చూస్తోంది. అక్కడి నుంచి మొదలు పెట్టండి.

నమో బుద్ధాయ! జై భీమ్!